ఐ.పి. నోటీసులో 41వ పేరు

ఐ.పి. అనగానే మనలో చాలామందికి నాలుగు అంకెలు, మధ్యలో మూడు చుక్కలు గుర్తొస్తాయి. కంపెనీలో చేరిన రోజు చదవకుండా సంతకాలు పెట్టిన కాగితాల పుణ్యమా అని మేధోసంపత్తి అనే ఇంకో అర్థం కూడా తెలుస్తుంది. నాకు మాత్రం ఈ రెండూ తెలియకముందే, అయిదో క్లాసులోనే, మూడో అర్థం తెలుసు. మా నరసరావుపేటలో "ఫలానా ఆయన ఐ.పి. పెట్టాడంట" అని ఎవరన్నా అంటే అరుగు మీద కూర్చున్నవాళ్ళు మాట్లాడటం ఆపేస్తారు. ఎవరికెంత పోయిందో లెక్క మొదలవుతుంది. ఇన్‌సాల్వెన్సీ పిటిషన్ అని దాని పూర్తి పేరు. అది తెలియనివాళ్ళు కూడా ఐ.పి. అంటారు, "వాడు ఐ.పి. బాపతు" అని తిడతారు కూడా.

రెండేళ్ళ క్రితం ఒకటి మా ఇంటికే వచ్చింది, కోర్టు నుంచి రిజిస్టర్డ్ పోస్టులో. మా నాన్న చిన్న బిల్డింగ్ కాంట్రాక్టరు. మరీ చిన్న. బోర్డు లేదు, ఆఫీసు లేదు. ఒక బైకు, ఒక కాంక్రీటు మిల్లరు, కొన్ని సెంట్రింగ్ రేకులు, పన్నెండు మంది మనుషులు. తాపీ మేస్త్రిగా మొదలై కాంట్రాక్టరు అయ్యాడు. ఒక బిల్డరు కట్టిన అపార్టుమెంటుకి లేబర్ కాంట్రాక్టు చేశాడు, అంటే సామాను వాళ్ళది, పని మనది, అడుగుకి ఇంత అని. పని అయ్యాక లెక్క చూస్తే ఇంకా 6,40,000 రావాలి. ఏడాదిన్నర తిప్పి తిప్పి ఆ బిల్డరు ఐ.పి. పెట్టాడు. పిటిషన్‌తో పాటు అప్పులవాళ్ళ జాబితా ఒకటి పెట్టాలి, ఎవరికెంత ఇవ్వాలో. అందులో మా నాన్నది 41వ పేరు. ఎదురుగా 2,10,000 అని ఉంది.

నాకు ఒళ్ళు మండింది. నాన్న మాత్రం కళ్ళజోడు పెట్టుకుని ఆ లైను రెండుమూడు సార్లు చదివి, "మొత్తానికి రాసిచ్చాడురా" అన్నాడు. ఆలోచిస్తే నిజమే. ఆ మనిషి మా నాన్నకి బాకీ ఉన్నట్టు సంతకంతో వచ్చిన మొట్టమొదటి కాగితం అదే. అది కూడా, ఇవ్వలేనని చెప్పడానికి వచ్చింది.

నేను లాయర్ని కాను, హిస్టరీ చదువుకున్నవాణ్ణీ కాదు. బీటెక్ మనిషిని. కాకపోతే బగ్ కనబడితే అది ఏ వెర్షన్లో వచ్చిందో వెనక్కి వెతుక్కుంటూ పోయే జబ్బు ఒకటి ఉంది. ఆ లైను దగ్గర మొదలుపెట్టి, పని చేసినవాడు డబ్బులు వసూలు చేసుకోలేకపోవడం అనే బగ్‌ని వెనక్కి పట్టుకుంటూ పోయాను.

అన్నట్టు, వసూలు అనే మాటకి మా పల్నాడులో మొదట్నుంచీ మంచి చరిత్ర లేదు. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధం అనగానే అందరికీ కోడిపందెం గుర్తొస్తుంది గానీ, కథ ప్రకారం యుద్ధం పందెం రోజున రాలేదు. ఓడినవాళ్ళు ఏడేళ్ళు వలస ఉండి, గడువు తీరాక మా రాజ్యం మాకిమ్మని అలరాజుని రాయబారం పంపారు. ఆయనకి విషం పెట్టారు. యుద్ధం అప్పుడొచ్చింది. గడువు తీరాక రావలసింది అడగడానికి వెళ్ళిన మనిషికి అయిన మర్యాద అది. మా నాన్నకి ఇప్పటిదాకా టీ మాత్రమే ఇచ్చారు, సంతోషించాలి :)

పాతకాలంలో బాకీ వసూలు ఎట్టా చేసేవాళ్ళో మార్కోపోలో రాసిపెట్టాడు. 13వ శతాబ్దం చివర్లో ఆయన దక్షిణ భారతం చూశాడు. మన మోటుపల్లి గురించి కూడా రాశాడు. దానికి దక్షిణాన, ఇప్పటి తమిళ తీరంలో ఒక పద్ధతి చూశానంటాడు. పదేపదే అడిగినా ఇవ్వని బాకీదారుడు కనబడితే, అప్పిచ్చినవాడు అతని చుట్టూ నేల మీద గీత గీస్తాడు. బాకీ తీర్చో, తగిన హామీ ఇచ్చో తప్ప ఆ గీత దాటి రాకూడదు. దాటితే మరణశిక్ష. ఒక పరదేశి వర్తకుడు సాక్షాత్తూ రాజుగారి గుర్రం చుట్టూ గీత గీస్తే, రాజు బాకీ తీర్చేదాకా కదల్లేదట. తర్వాతి కాలంలో మనదేశంలో చాలాచోట్ల బాకీదారుడి గుమ్మం ముందు తిండి మానేసి కూర్చోవడం ఉండేది. దాని పేరే ధర్నా. ఇప్పుడు కలెక్టరేట్ల ముందు జరిగేదానికి ఆ పేరు అక్కణ్ణుంచే వచ్చింది. కంపెనీ వాళ్ళు 18వ శతాబ్దం చివర్లోనే బెంగాల్లో దాన్ని నిషేధిస్తూ రెగ్యులేషన్లు చేశారు.

దాని బదులు వాళ్ళు తెచ్చింది కోర్టు, కోర్టుతోపాటు బాకీ జైలు. అప్పు తీర్చలేకపోతే మనిషిని లోపల వేయడం ఇంగ్లండులో మామూలు పద్ధతి. దాన్నుంచి బయటపడే దారి కూడా వాళ్ళే పెట్టారు. 1828లో కలకత్తా, మద్రాసు, బొంబాయి నగరాల్లో దివాలా తీసిన బాకీదార్ల కోసం కోర్టులు వచ్చాయి. 1848లో ఇంకో చట్టం. జిల్లాల్లో బతికేవాళ్ళకి విడిగా ఒక దివాలా చట్టం రావడానికి మాత్రం 1907 దాకా పట్టింది. దాన్ని తిరగరాసి 1920లో ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం చేశారు. మా ఇంటికొచ్చిన నోటీసు మీద ఉన్నది ఆ 1920 చట్టమే. 2016లో కొత్త దివాలా కోడ్ వచ్చింది గదా అనొచ్చు. అది కంపెనీలకీ, కంపెనీ అప్పులకి హామీ ఉన్న వ్యక్తులకీ అమల్లోకి వచ్చింది. మామూలు మనుషులకి సంబంధించిన భాగం ఇంకా అమలు కాలేదు. నూరేళ్ళు దాటిన కోడ్ ఇంకా ప్రొడక్షన్‌లో నడుస్తోందన్నమాట.

నిజానికి ఇది దుర్మార్గుల కోసం చేసిన చట్టం కాదు. చదివితే దయగా ఉంటుంది. బాకీ 500 రూపాయలు దాటి, తీర్చలేని పరిస్థితి ఉన్న మనిషి తన ఆస్తులూ అప్పులూ అన్నీ రాసి కోర్టు ముందు పెట్టొచ్చు. కోర్టు దివాలాదారు అని ప్రకటిస్తే ఆస్తి అఫీషియల్ రిసీవర్ చేతికి పోతుంది, అమ్మగా వచ్చింది అందరికీ దామాషాలో పంచుతారు. అప్పుడు కోర్టు అనుమతి లేకుండా ఎవరూ విడిగా దావా వేయకూడదు. మోసం లేకపోతే చివరికి అప్పులనుంచి విడుదల. పంట పోయిన రైతుకో, సరుకు మునిగిన వర్తకుడికో అది ఊపిరి. మోసానికి కూడా తాళం ఉంది: ఐ.పి.కి ముందు రెండేళ్ళలో ఊరికే భార్య పేరునో, బావమరిది పేరునో రాసిన ఆస్తిని కోర్టు రద్దు చేయొచ్చు. అందుకే తెలివైనవాళ్ళు రెండేళ్ళు ఓపిక పడతారు. మనకి వాయిదాలు చెప్పి తిప్పేది కూడా ఆ రెండేళ్ళే. ఇది నా అనుమానం మాత్రమే గానీ, ఊళ్ళో అడిగితే ఎవరూ కాదనరు.

ఆ చట్టంలో నన్ను ఆపేసింది 61వ సెక్షన్. పంచేటప్పుడు ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది అందులో ఉంది. ముందు ప్రభుత్వానికి, స్థానిక సంస్థలకి రావలసింది. దాంతో సమానంగా గుమాస్తాలు, పనివాళ్ళు, కూలీలకి చివరి నాలుగు నెలల జీతాలు. ఎంతవరకు? ఒక్కొక్కరికీ మొత్తం ఇరవై రూపాయలు. 1920లో అచ్చయిన అంకె అది. అప్పట్లో ఇరవై రూపాయలకి విలువ ఉండేదేమో, ఇప్పుడు మా ఊళ్ళో రెండు టీలు.

సరే, ఇరవయ్యో ఇరవై వేలో, మా నాన్న ఆ వరసలోనే లేడు. ఆయన కూలీ కాదు, కూలీలని పెట్టుకున్నవాడు. ఆస్తి తాకట్టు పెట్టుకుని అప్పిచ్చిన బ్యాంకు కూడా కాదు. బ్యాంకు తన తాకట్టు తను చూసుకుంటుంది. మిగిలిన గుంపులో రెండు రూపాయల వడ్డీకి తిప్పినవాళ్ళు, ప్లాటుకి అడ్వాన్సు కట్టినవాళ్ళు, టైల్సు కొట్టు వాళ్ళు ఉన్నారు. వాళ్ళ మధ్య 41వ వాడు. డబ్బు అప్పిచ్చినవాడూ, గోడ కట్టినవాడూ చట్టం కళ్ళకి ఒకటే. అయితే అప్పిచ్చినవాడి దగ్గర ప్రోనోటు ఉంటుంది. గోడ కట్టినవాడి దగ్గర ఏముంటుంది?

ఇక్కడ మా నాన్న పుస్తకం గురించి చెప్పాలి. పొడుగాటి అకౌంట్ బుక్కు, ఎర్ర అట్ట. ఎడమవైపు ఇచ్చింది, కుడివైపు వచ్చింది. శనివారం బట్వాడా ఆగదు. వారమంతా పని చేసిన పన్నెండు మందికి ఆ సాయంత్రం డబ్బు పడాల్సిందే, ఓనరు ఇచ్చినా ఇవ్వకపోయినా. ఓనరు ఇవ్వని వారం నాన్న సిమెంటు కొట్టు ఆయన దగ్గరో, వడ్డీ వ్యాపారి దగ్గరో తెస్తాడు. తెచ్చినప్పుడల్లా ప్రోనోటు రాసి, రెవెన్యూ స్టాంపు మీద సంతకం పెట్టి, ఇద్దరు సాక్షులతో ఇస్తాడు. అంటే ఆయన ఇవ్వవలసిన ప్రతి రూపాయికీ పక్కా కాగితం ఉంది. ఆయనకి రావలసిన రూపాయికి ఉన్నది సొంత చేతిరాత. అవతలివాడి సంతకం ఒక్కచోట కూడా లేదు. "మనోళ్ళే గదరా, సంతకం అడిగితే ఏం బాగుంటుంది" అంటాడు. సిమెంటు కొట్టు ఆయనా మనవాడే, ఆయన మాత్రం అడుగుతాడు.

ఈ ప్రోనోటు వెనక ఉన్న చట్టం 1881 నాటిది. దానికి మూడేళ్ళ గడువు పెట్టింది అంతకంటే పాతది, 1859 నాటి కాలపరిమితి చట్టం. ఆ సంఖ్య తర్వాతి చట్టాల్లోనూ నిలబడి 1963 చట్టంలో ఇప్పటికీ ఉంది. మూడేళ్ళు దాటితే నోటుకి "కాలదోషం పట్టింది" అంటాం, జాతకంలో మాటలాగా. పాపం బాకీదారుడు ఏళ్ళ తరబడి వేధింపు పడకూడదనే ఆ గడువు పెట్టారు. జరిగింది ఇంకోటి. మూడేళ్ళు వచ్చేసరికి షావుకారు వడ్డీని అసల్లో కలిపి కొత్త నోటు రాయించుకోవడం మొదలుపెట్టాడు. 1875లో పూనా, అహ్మద్‌నగర్ జిల్లాల్లో రైతులు షావుకార్ల ఇళ్ళ మీద పడి పత్రాలు తగలబెట్టినప్పుడు, విచారణ చేసిన కమిషన్ చెప్పిన కారణాల్లో ఇదొకటి. మనవైపు దాన్ని నోటు తిరగరాయడం అంటారు. కొంత డబ్బు కట్టి, నోటు వెనక రాసి సంతకం పెడితే "చెల్లు వేయడం". ఆ రోజు నుంచి మళ్ళీ మూడేళ్ళు. మా నాన్న తిరగరాసిన నోట్లు నేనే నాలుగు చూశాను. తన పుస్తకంలో ఓనరు చేత వేయించుకున్న చెల్లు ఒక్కటీ లేదు.

రైతు అప్పుల గురించి ప్రభుత్వాలు ఏదో ఒకటి చేస్తూనే వచ్చాయి. 1930ల మాంద్యంలో ధరలు పడిపోయాక, రాజాజీ ప్రభుత్వం 1938లో మద్రాసు వ్యవసాయదారుల రుణ ఉపశమన చట్టం తెచ్చింది. అప్పుడు గుంటూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. పాత అప్పుల మీద 1937 అక్టోబరు 1 నాటికి పేరుకుపోయిన వడ్డీని అది తుడిచేసింది. 1977లో ఆంధ్రప్రదేశ్ చట్టం వ్యవసాయ కూలీలు, గ్రామీణ చేతివృత్తులవాళ్ళు, చిన్న రైతుల కోసం వచ్చింది. చిన్న కాంట్రాక్టరు ఇందులో ఎవరు? చేతిలో తాపీ ఉన్నన్నాళ్ళు చేతివృత్తివాడే. కోర్టు జప్తు చేసినా పనివాడి పనిముట్లు ముట్టుకోకూడదని సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఉంది, కాబట్టి తాపీ, రసమట్టం, తూకపు గుండు భద్రం. పదిమందిని పెట్టుకున్న రోజు నుంచి ఆయన వ్యాపారి. నష్టం వస్తే మాత్రం మళ్ళీ కూలీలాగే బతుకుతాడు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే విచిత్రంగా అనిపించిన సంగతి. 1872 కాంట్రాక్ట్ చట్టంలో 170వ సెక్షన్ ఉంది. నీ వస్తువు మీద నేను నా నైపుణ్యంతో పని చేస్తే, నా కూలీ ఇచ్చేదాకా ఆ వస్తువుని నా దగ్గరే ఆపుకోవచ్చు. అందులో రెండు ఉదాహరణలు ఇచ్చారు. ఒకటి, వజ్రం సానపట్టే నగల వర్తకుడు. అతను వజ్రం ఆపుకోవచ్చు. రెండోది కోటు కుట్టే టైలరు. కుట్టగానే ఇచ్చేస్తాననీ, డబ్బుకి మూడు నెలలు అరువు ఇస్తాననీ అతను ముందే ఒప్పుకున్నాడు. అతనికి ఆపుకునే హక్కు లేదు. అరువు ఒప్పుకున్న టైలరుకే లేనప్పుడు, అరువు తప్ప ఇంకో పద్ధతి తెలియని మా నాన్న సంగతేంటి? అసలు ఆయనకి ఆ ప్రశ్న కూడా రాదు. టైలరు చొక్కా ఆపుకోవచ్చు, వాచీ రిపేరువాడు వాచీ ఆపుకోవచ్చు. మేస్త్రి గోడని ఎక్కడ దాచుకుంటాడు? ఇటుక మీద ఇటుక పెట్టి సున్నమో సిమెంటో తగిలిన క్షణం నుంచి అది ఓనరు ఇల్లు.

ఇది అన్నిచోట్లా ఇట్టాగే లేదు. అమెరికాలో ఇల్లు కట్టించుకున్న మన స్నేహితులు "లీన్ వెయివర్" అనే కాగితం చూసే ఉంటారు. ప్లంబరుకీ, రూఫింగ్ వాడికీ డబ్బు ముట్టిందనీ, ఇంటి మీద వాళ్ళకి ఇక హక్కు లేదనీ రాసిచ్చే కాగితం. దాని మూలం 1791లో మేరీలాండ్ చేసిన చట్టం. వాషింగ్టన్ నగరం కట్టడం మొదలుపెట్టిన రోజులవి. మేస్త్రీలు, వడ్రంగులు ధైర్యంగా పనిలోకి రావాలంటే డబ్బు ఎగ్గొట్టనివ్వమనే నమ్మకం ఇవ్వాలి. అందుకని కట్టిన భవనం మీదే వాళ్ళకి హక్కు పెట్టారు. డబ్బు ఇవ్వకపోతే ఆ ఇంటి మీదకే వెళ్ళొచ్చు. తర్వాత అన్ని రాష్ట్రాలకీ పాకింది. మన చట్టాలు రాసింది ఇంగ్లీషువాళ్ళు, వాళ్ళ దగ్గర ఇది లేదు, మనకి రాలేదు.

చట్టంలో లేకపోయినా పనిలో కొంత ఉంది. స్లాబు ముందు రోజు కాంట్రాక్టరు మాటకి విలువుంటుంది. రాడ్డు కట్టి, సెంట్రింగ్ బిగించి, మిల్లరు తెచ్చి పెట్టాక "రేపు పోయను" అంటే ఓనరు పరిగెత్తుకుంటూ డబ్బు తెస్తాడు. గృహప్రవేశం ముహూర్తానికి వారం ముందు కూడా అంతే. ఆ ఉదయం పాలు పొంగాక, మేస్త్రికి కొత్త బట్టలు పెట్టి బొట్టు పెట్టి భోజనం పెట్టాక, ఆ క్షణం నుంచి ఆయన బాకీ అడుక్కునేవాడు. మా నాన్నకి పెట్టిన ప్యాంటు గుడ్డలు మా బీరువాలో కుట్టించకుండా పడున్నాయి, ఒక్కోటీ ఒక్కో బాకీ. స్లాబు ముందు పని ఆపడం మాత్రం ఆయన ఎప్పుడూ చేయలేదు. "పచ్చి రాడ్డు మీద బేరం ఏందిరా" అంటాడు.

మరి మనవైపు మేస్త్రి పేరు చరిత్రలో ఎక్కడైనా ఉందా అని చూస్తే, ఉంది. అదీ మా మాచర్ల పక్కనే. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలపు శాసనాలు దొరికాయి. మూడో శతాబ్దంలో, వీరపురుషదత్తుడి 14వ రాజ్య సంవత్సరంలో, బోధిసిరి అనే ఉపాసిక ఒక చైత్యగృహం కట్టించి తను చేసిన దానాలన్నీ వరసగా చెక్కించింది. చివర్లో పని పర్యవేక్షించిన ముగ్గురు భిక్షువుల పేర్లు ఉన్నాయి: చందముఖ, ధమ్మనంది, నాగ. వాళ్ళని నవకమ్మికులు అన్నారు, ఇప్పటి మాటలో సైట్ ఇంజినీర్లు అనుకోండి. ఆ తర్వాత ఇది రాతి మేస్త్రి విధికుడి పని అని ఉంది. 1700 ఏళ్ళ నాటి పల్నాటి మేస్త్రి. పేరు ఉంది, ఎంత ముట్టిందో లేదు. అయితే ఆ కాలపు నాగార్జునకొండలోనే అక్షయనీవి అనే ఏర్పాటు కనబడుతుంది. డబ్బుని వృత్తి శ్రేణుల దగ్గర శాశ్వతంగా డిపాజిట్ చేసి, అసలు ముట్టుకోకుండా వడ్డీతో ధర్మకార్యాలు నడిపించడం. కట్టడం నిలబడాలంటే దానికి కావలసిన డబ్బు విడిగా ఒకచోట ఉండాలని వాళ్ళకి తెలుసు.

ఆ లోయ మీదే సాగర్ నీళ్ళు వచ్చాయి. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలవలకి నీళ్ళు వదిలారు. కాంక్రీటు డ్యాము కాదది, రాతి కట్టడం. 124 మీటర్ల ఎత్తు మనుషుల చేతుల మీదుగా లేచింది. పాలమూరు నుంచి గుంపు మేస్త్రీల కింద వచ్చినవాళ్ళూ, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళూ వేలమంది రాయి మోశారు. మా తాత కుడికాలవ పనిలో రాయి కొట్టాడు. చిన్న కాంట్రాక్టరు అనే జాతి మా పల్నాడులో పెరిగింది ఆ కాలంలోనే అని నా నమ్మకం. డ్యాము, ప్రధాన కాలవ, దాని కింద మేజర్లు, మైనర్లు, తూములు, చప్టాలు. ముక్కలు ముక్కలుగా పని, పైన పెద్ద కాంట్రాక్టరు, కింద సబ్ కాంట్రాక్టరు, ఆ కింద మేస్త్రి.

ప్రభుత్వ పనిలో ప్రోనోటు ఉండదు, ఎం.బుక్కు ఉంటుంది. కొలతల పుస్తకం. ఇంజినీరు వచ్చి పొడవు, వెడల్పు, లోతు కొలిచి అందులో ఎక్కిస్తే పని జరిగినట్టు, ఎక్కించకపోతే జరగనట్టు. అది కాంట్రాక్టరు దగ్గర ఉండదు, ఆఫీసులో ఉంటుంది. నీకు బాకీ ఉన్నానని ఒప్పుకునే పుస్తకం బాకీదారుడి బీరువాలోనే ఉంటుందన్నమాట. సబ్ కాంట్రాక్టరు పేరు అందులో కూడా ఉండదు.

ఆ పుస్తకంలో లేని పనికి డబ్బు రాదా? దీని మీద ఒక పాత కేసు ఉంది, మనది కాదు, బెంగాల్ది. 1944లో, కరువు రోజుల్లో, పౌర సరఫరాల శాఖ అధికారులు అడిగితే మండల్ అండ్ సన్స్ అనే సంస్థ ఆరామ్‌బాగ్ ప్రాంతంలో సరుకు నిల్వ షెడ్లు, ఒక కచ్చా రోడ్డు, గుమాస్తాలకి గదులు కట్టిచ్చింది. బిల్లు పందొమ్మిది వేల పైచిలుకు. కాంట్రాక్టు పద్ధతి ప్రకారం రాయలేదు కాబట్టి ఇవ్వక్కర్లేదని ప్రభుత్వం వాదించింది. ఆ షెడ్లని వాడుకుంటూనే! 1961 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ సంస్థ వైపు తీర్పిచ్చింది. కాంట్రాక్ట్ చట్టం 70వ సెక్షన్ ప్రకారం, ఊరికే చేయాలనే ఉద్దేశం లేకుండా ఒకడు పని చేసి, ఇంకొకడు దాన్ని అనుభవిస్తే, డబ్బివ్వాల్సిందే. కాగితం లేని మేస్త్రికి మన చట్టంలో ఉన్న గట్టి ఆధారం ఇదే అనిపిస్తుంది నాకు. కాకపోతే పందొమ్మిది వేల కోసం పదిహేడేళ్ళు పట్టింది. శనివారం బట్వాడా పదిహేడేళ్ళు ఆగదు.

మన రాష్ట్రంలో దగ్గరి ఉదాహరణ కావాలంటే 2018-19 ఉపాధి హామీ పనులు. ఊరూరా సిమెంటు రోడ్లు, పంచాయతీ భవనాలు కట్టినవాళ్ళ బిల్లులు 2019లో ప్రభుత్వం మారాక ఆగిపోయాయి. వందల పిటిషన్లు హైకోర్టుకి వెళ్ళాయి. 2021 అక్టోబరులో హైకోర్టు నాలుగు వారాల్లో 12 శాతం వడ్డీతో కట్టమంది. ఏ పార్టీ తప్పు అన్న గొడవలోకి నేను పోను. వాళ్ళలో చాలామంది తెచ్చిన అప్పు నూటికి రెండు రూపాయల వడ్డీది, అంటే ఏడాదికి 24 శాతం. కోర్టు గెలిచినా సగం వడ్డీ చేతి నుంచే.

మళ్ళీ మా ఇంటికొస్తాను. ఐ.పి. కేసులో నాన్న అభ్యంతరం వేశాడు, నా బలవంతం మీద. 6,40,000కి రుజువేంటని అడిగారు. ఎర్ర అట్ట పుస్తకం చూపించాం. అది ఇంకా నడుస్తోంది.

దాని కథ ఎట్టాగూ మన చేతిలో లేదని, మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు పుస్తకంలో మిగిలిన బాకీలన్నీ లాప్‌టాప్‌లో ఎక్కించాను. పని పూర్తయిన తేదీ, దాని పక్కన మూడేళ్ళ గడువు. చేసిన పనికి డబ్బు ఎప్పుడివ్వాలో ముందుగా అనుకోకపోతే, పని పూర్తయిన రోజు నుంచి మూడేళ్ళు. ఆ లోపల అవతలివాడు బాకీ ఒప్పుకుంటూ రాసి సంతకం పెడితే, ఆ సంతకం రోజు నుంచి మళ్ళీ మూడేళ్ళు. పదకొండు బాకీల్లో ఏడింటికి కాలదోషం పట్టేసింది. ఒకదానికి ఇంకా 26 రోజులుంది. గురజాలలో ఒక రిటైర్డ్ మాస్టారి ఇల్లు, 1,35,000.

"ఆయన దగ్గరా సంతకం అడిగేది?" అన్నాడు నాన్న. "మాస్టారు ఎగ్గొట్టే మనిషి కాదురా. పెన్షన్ డబ్బులు ఆమె వైద్యానికి పోతున్నాయి."

"ఎగ్గొడతారని కాదు నాన్నా, తారీఖు దాటుతుందని."

కనుమ మర్నాడు పొద్దున్నే బైకు మీద బయల్దేరాం. పిడుగురాళ్ళ దగ్గర సున్నపు బట్టీల దుమ్ము దాటాక నాన్న ఆపమన్నాడు, వెనక్కి వెళ్దామంటాడేమో అనుకున్నాను. మాస్టారికి అరటిపళ్ళు కొన్నాడు. బాకీ వసూలుకి వెళ్తూ పళ్ళు కొన్న మనిషిని నేను అప్పుడే చూడటం.

మాస్టారు వరండాలో పేపరు చదువుతున్నారు. నాన్న ఆ మాటా ఈ మాటా అరగంట మాట్లాడాడు. వంటింట్లో కారుతున్న పంపు బిగించి వచ్చాడు. చివరికి నేనే కాగితం తీసి, నమస్కారం పెట్టి, విషయం చెప్పాను. ఆయన మొహం కొంచెం మారింది. "మేస్త్రీ, నా మీద నమ్మకం లేదా?" అన్నారు. నాన్న తల దించుకుని, "అయ్యో, అదేంది మాస్టారూ, పిల్లోడు ఏదో చట్టం అంటున్నాడు" అన్నాడు. నేను కాలపరిమితి సంగతి చెప్పాను, రెండు నిమిషాలు పట్టింది. ఆయన వినేసి కళ్ళజోడు మార్చుకుని కాగితం తీసుకున్నారు. నేను టైపు చేసింది మొత్తం చదివారు. జేబులోంచి పెన్ను తీసి ముందు రెండు అక్షరదోషాలు దిద్దారు. నేను "బాకి" అని రాసిన చోట దీర్ఘం పెట్టారు. తర్వాత సంతకం పెట్టి, కింద తారీఖు వేసి, "ఉగాదికి ఇరవై ఇస్తాను మేస్త్రీ" అన్నారు.

తిరిగొచ్చేటప్పుడు వెనక కూర్చుని నాన్న ఆ కాగితాన్ని చొక్కా జేబులో రెండుసార్లు తడిమి చూసుకున్నాడు. "తారీఖు వేశాడు గదా?" అని అడిగాడు. వేశారన్నాను. ఇంకో మైలు పోయాక, "ఇంకా మూడేళ్ళంటే అప్పటికి నాకు అరవై ఒకటి" అన్నాడు.